చెరువు చుట్టూ నడక: శుభ్రత వేరు, శుద్ధి వేరు



పోయిన చలికాలంలో ఒక ఆదివారం మా అమ్మను గార్గేయపురం తీసుకుపోయినాను. కర్నూలు నుంచి నందికొట్కూరు పోయే రోడ్డులో, చెరువును ఆనుకొని అటవీశాఖ పెంచిన నగరవనం అది. పొద్దున్నే పోతే బాగుంటుంది. చెట్ల మధ్య కాలిబాట, పక్కన నీళ్ళు, నీళ్ళ అంచున ఒంటికాలి మీద నిలబడిన కొంగలు. మన సీమలో ఇన్ని నీళ్ళు ఒకచోట కనపడితే కళ్ళు వాటంతట అవే చల్లబడతాయి.

అమ్మకు డెబ్బై దాటినాయి. మోకాళ్ళ నొప్పులు ఉన్నా నెమ్మదిగా నడిచింది. చెట్టు కనపడితే పేరు చెప్పింది. పిట్టల్ని చూసి చిన్నపిల్లలా నవ్వింది. నీళ్ళ దగ్గరికి దిగే చోటు వచ్చేసరికి మాత్రం నిలబడిపోయింది.

"రా అమ్మా, కాళ్ళు కడుక్కుందువు" అన్నాను.

"వద్దులే నాయనా. ఈడ్నుంచే కనపడతాంది గదా."

"ఏం కాదు, రా."

ఆమె చుట్టూ చూసింది. గొంతు తగ్గించి, "ఎవురన్నా చూస్తే ఏమన్నా అంటారేమో" అనింది.

అక్కడ మమ్మల్ని చూసేవాళ్ళు ఎవరూ లేరు. చూసినా అనేవాళ్ళు లేరు. అయినా ఆ మాట అమ్మ నోట్లోంచి అలవాటుగా వచ్చింది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో మంచినీళ్ళ బావి దగ్గర ఆడవాళ్ళు ఖాళీ కడవలు పెట్టుకొని దూరంగా కూర్చునేవాళ్ళు. పైకులం వాళ్ళు ఎవరైనా వచ్చి, దయ కలిగితే చేది, ఎత్తి పోసేవాళ్ళు. దయ కలగకపోతే పొద్దు నెత్తికెక్కేదాకా కూర్చోవాల్సిందే. అమ్మ ఈ సంగతి ఎప్పుడూ కోపంగా చెప్పదు. వానలు పడకపోవడం గురించి చెప్పినట్టు చెప్తుంది. నాకు భయం వేసేది అందుకే. ఆ బావి పూడిపోయి ముప్పై ఏళ్ళయింది. అమ్మ మనసులో మాత్రం ఇంకా పూడలేదు.

ఇది చెప్పి, "చూడండి, మనకెంత అన్యాయం జరిగిందో" అని ముగిస్తే ఈ వ్యాసం సులువుగా అయిపోయేది. కానీ నేను చెప్పుకోవాల్సిన ఇంకో సంగతి ఉంది. అది నా గురించి.

నా నోట్లోంచి వచ్చిన మాట

అంతకు కొన్ని నెలల ముందు ఇంకో పార్కులో నడుస్తున్నాను. పేరు అవసరం లేదు, మన ఊళ్ళల్లో ఉండే పార్కే. అందులో ఒక కుంట, చుట్టూ సిమెంటు బాట, పొద్దున సాయంత్రం షుగరు, బీపీ ఉన్నవాళ్ళంతా తిరుగుతుంటారు. ఆ రోజు కుంటలో ముగ్గురు పిల్లకాయలు దిగి స్నానం చేస్తున్నారు. ఒకడి చేతిలో సబ్బు. గట్టు మీద ఒక ఆడమనిషి బట్టలు జాడిస్తోంది. పార్కు గోడ అవతల పట్టాలు కట్టుకొని బతికే కుటుంబాల వాళ్ళు.

నాకు ఒళ్ళు మండింది. "ఏయ్! నీళ్ళన్నీ గబ్బు చేస్తాండారే! బయటికి పోండి!" అని అరిచినాను.

పిల్లకాయలు భయపడి లేచినారు. వాళ్ళల్లో పెద్దోడు, పన్నెండేళ్ళుంటాయేమో, తడి చొక్కా చేతిలో పట్టుకొని నన్ను చూసి, "మేం దిగితే నీళ్ళేమైతాయి సార్?" అన్నాడు.

ఎదురు చెప్పాలని అన్నాడో, నిజంగా తెలియక అడిగినాడో తెలియదు. నేను జవాబు చెప్పకుండా ముందుకు నడిచినాను. పది అడుగులు వేసేసరికి ఆ మాట ఎక్కడిదో గుర్తొచ్చింది. మనవాళ్ళు తరతరాలుగా అడిగిన ప్రశ్న అది. మేం తాకితే నీళ్ళేమైతాయి? ఇప్పుడు ఆ ప్రశ్న ఒక పసివాడు నన్ను అడుగుతున్నాడు. ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేసినవాణ్ణి, ప్రతి అక్టోబరు 14న నీలిజెండా, పంచశీల జెండా రెండూ ఎగరేసేవాణ్ణి, నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. వాడు నీళ్ళల్లో ఉన్నాడు.

మీలో కొందరు అడగవచ్చు: "అన్నా, సబ్బు నురగ నీళ్ళల్లో కలిస్తే చేపలు బతకవు. పార్కు అందరిదీ. నువ్వు అన్నదాంట్లో తప్పేముంది?" ఇది న్యాయమైన ప్రశ్నే. నీళ్ళను కాపాడాలనడమూ, మనిషిని తరమడమూ ఒకటేనా? కాకపోతే ఆ రెంటినీ విడదీసే గీత ఎక్కడుంది?

మహాడ్‌లో ఏం కడిగినారు?

మనందరికీ తెలిసిన చెరువు దగ్గరికే మళ్ళీ పోదాం. 1923లో బొంబాయి శాసనమండలి, ప్రభుత్వ డబ్బుతో నడిచే బావులు, చెరువులు, బడులు అంటరానివాళ్ళకు కూడా తెరవాలని తీర్మానించింది. మరుసటి ఏడాది మహాడ్ పురపాలక సంఘం తన చౌదార్ చెరువుకు దాన్ని వర్తింపజేసింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది, గట్టు మీద తెరుచుకోలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి ఆ నీళ్ళు తాగినాడు. ఆ నీళ్ళు తాగకపోతే చచ్చిపోతామని కాదు, మేమూ మనుషులమేనని నిలబెట్టడానికి.

తర్వాత జరిగింది గుర్తు చేసుకోండి. మనవాళ్ళ మీద దాడి జరిగింది. చెరువు మైలపడిందని 108 కుండలతో శుద్ధి చేసినారు. వేటితో? ఆవుపేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు కలిపి మంత్రాలు చదివి నీళ్ళల్లో పోసినారు. మనిషి దోసిలి తగిలితే మురికైన నీళ్ళు పేడ పోస్తే బాగుపడినాయంట! ఈ చెరువు మీద హక్కు కోసం కోర్టులో పోరాటం 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు తీర్పు వచ్చేదాకా సాగింది.

నేను వెతుకుతున్న గీత ఇక్కడ కనపడుతుంది. మహాడ్ పైకులాలవాళ్ళు చెరువును శుభ్రం చేయలేదు, శుద్ధి చేసినారు. శుభ్రత నీళ్ళను చూస్తుంది: ఇందులో ఏం కలిసింది, తాగితే జబ్బు చేస్తుందా, చేప బతుకుతుందా అని అడుగుతుంది. శుద్ధి నీళ్ళను చూడనే చూడదు. తాకిన చెయ్యి ఎవరిదని అడుగుతుంది. శుభ్రత చేసిన పనిని కొలుస్తుంది, శుద్ధి పుట్టుకను కొలుస్తుంది. ఒకటి వైద్యుడి ప్రశ్న, ఇంకొకటి మనువు ప్రశ్న.

బుద్ధుడి నియమం, పుణ్ణిక మాట

భగవాన్ బుద్ధుడు నీళ్ళ శుభ్రతను పట్టించుకోలేదనుకోవద్దు. భిక్ఖువుల వినయ నియమాల్లో ఒకటి స్పష్టంగా ఉంది: నీళ్ళల్లో మలమూత్రాలు విడవకూడదు, ఉమ్మకూడదు. దాని ముందున్న నియమం పచ్చని మొక్కల మీద కూడా ఆ పని చేయొద్దంటుంది. రెండున్నర వేల ఏళ్ళ కిందటే ఇంత పట్టింపు! కానీ ఆ నియమాన్ని జాగ్రత్తగా చూడండి. ఫలానా కులంలో పుట్టినవాడు నీళ్ళ దగ్గరికి రాకూడదని అందులో లేదు. ఫలానా పని చేయొద్దని ఉంది. సంఘంలో చేరిన రాజవంశీకుడికీ, పారిశుద్ధ్య పని చేసి వచ్చిన సునీతుడికీ అదే నియమం. ఇంకొక విశేషం, జబ్బుపడినవాడికి మినహాయింపు ఉంది. నియమం పెట్టినప్పుడే దాన్ని పాటించడం ఎవరికి వీలు కాదో ఆలోచించినాడు తథాగతుడు.

థేరీల్లో పుణ్ణిక కథ ఉంది. ఆమె దాసి. చలికాలంలో కూడా యజమానుల ఇంటికి నీళ్ళు మోసేది, మోయకపోతే దెబ్బలు. ఒకరోజు వణుకుతూ నదిలో మునుగుతున్న బ్రాహ్మణుణ్ణి చూసి, ఎందుకయ్యా ఈ కష్టం అని అడిగింది. పాపం కడుక్కోవడానికన్నాడాయన. నీళ్ళకు ఆ శక్తే ఉంటే పొద్దస్తమానం నీళ్ళల్లో ఉండే కప్పలకూ తాబేళ్ళకూ స్వర్గం ఖాయమే గదా, పాపంతో పాటు పుణ్యం కూడా కొట్టుకుపోదా అన్నట్టు ఆమె వాదించింది. ఆయన దగ్గర జవాబు లేకపోయింది, ఆమె దారిలోకే వచ్చినాడు. నీళ్ళు మోసి మోసి భుజాలు కాయలు కాసిన ఆడమనిషికి నీళ్ళంటే ఏమిటో బాగా తెలుసు. నీళ్ళు ఒంటిని కడుగుతాయి. మనసును కడగవు, పుట్టుకను మార్చవు, మైలపడవు.

ఆనందుడు దాహం వేసి బావి దగ్గర నీళ్ళడిగినప్పుడు, ఆ అమ్మాయి తాను చండాల కులందాన్నని చెప్పింది. నేను నీళ్ళడిగినాను గానీ కులం అడగలేదన్నాడు ఆనందుడు. బాబాసాహెబ్ "బుద్ధుడు – ఆయన ధమ్మం"లో ఈ ప్రకృతి కథకు చోటిచ్చినాడు. ఎందుకిచ్చినాడో మహాడ్ తెలిసిన మనకు వేరే చెప్పక్కరలేదు.

నన్ను నేను అడుక్కున్న మూడు ప్రశ్నలు

ఈ వెలుగులో ఆ రోజు నేను అన్న మాటను పరీక్షించుకున్నాను. మీకూ పనికొస్తుందని మూడు ప్రశ్నలుగా రాస్తున్నాను.

మొదటిది: నేను పనిని అడ్డుకున్నానా, మనిషినా? "సబ్బు వాడొద్దు నాయనా, చేపలు చస్తాయి" అంటే పని గురించి మాట్లాడినట్టు. "గబ్బు చేస్తాండారు, బయటికి పోండి" అంటే మనిషి గురించి. నేను రెండోది అన్నాను.

రెండోది: ఈ నియమం అందరికీ ఒకటేనా? అదే కుంటలోకి కొంతమంది పూజ సామాన్లు ప్లాస్టిక్ కవర్లతో సహా విసిరిపోతారు. పండగప్పుడు రంగుల బొమ్మలు కలుపుతారు. పక్క కాలనీల మురుగు కాలవలు చెరువుల్లోకే తిప్పుతారు. ఎవరి నమ్మకాన్నీ తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. కానీ వాళ్ళ మీద నేను ఒక్కసారన్నా అలా అరిచినానా? లేదు. వాళ్ళు బూట్లేసుకొని వస్తారు, బండ్లల్లో వస్తారు. పిల్లకాయలు ఒట్టికాళ్ళతో వచ్చినారు. నా గొంతు బలం ఎవరిని చూసి లేచిందో అర్థమైంది.

మూడోది, నన్ను ఎక్కువ బాధపెట్టినది: పాటించే వీలు కల్పించకుండా నియమం మోపుతున్నామా? గోడ అవతల పట్టాల్లో కుళాయి లేదు, స్నానాల గది లేదు. వాళ్ళు ఎక్కడ స్నానం చేయాలి? జబ్బుపడిన భిక్ఖువుకు మినహాయింపు ఇచ్చిన బుద్ధుడు ఇక్కడ ఉంటే ముందు నన్ను కాదు, ఆ కుళాయి సంగతి అడుగుతాడు.

ఈ మూడు ప్రశ్నల్లో దేనికీ నా దగ్గర మంచి జవాబు లేదు. శుభ్రత పేరు పెట్టుకొని శుద్ధి నాలోపలే కూర్చొని ఉంది. మనువు పుస్తకాన్ని బాబాసాహెబ్ 1927 డిసెంబరు 25న మహాడ్‌లోనే కాల్చినాడు. నాలో ఒక పుట మిగిలిపోయింది.

చెరువు ఎవరిది?

మన కడప జిల్లా పోరుమామిళ్ళలో ఒక పెద్ద చెరువుంది. 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించినట్టు అక్కడి శాసనం చెప్తుంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలేమిటి, దోషాలేమిటి అని కూడా అందులో రాసినారు. చదివితే ఆశ్చర్యం వేస్తుంది, అంత తెలివిగా ఉంటుంది. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళు పని జరిగిందని లెక్క ఉంది. రాజుగారి పేరుంది, వంశం ఉంది. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ లేదు.

తర్వాత కాలంలోనూ అంతే. తూము ఎత్తి, ఏ మడికి ఎంత నీళ్ళు పోవాలో చూసే నీరుగంటి చాలా ఊళ్ళల్లో మన వాడవాడే. ఊరి పంటంతా వాడి చేతి మీదుగా తడిసేది. దాహం వేస్తే వాడు మంచినీళ్ళ బావి దగ్గర దూరంగా నిలబడాలి.

ఇంకా వెనక్కిపోతే ఇంకో రాత ఉంది. కర్నూలు వైపు జొన్నగిరి దగ్గర ఎర్రగుడి కొండరాళ్ళ మీద అశోకుడి శాసనాలున్నాయి. రెండో శాసనంలో ఆయన చెప్పుకున్నది యుద్ధాల గురించి కాదు. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేసినాననీ, మందు మొక్కలు తెప్పించి నాటించినాననీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించినాననీ, అవి మనుషులూ పశువులూ వాడుకోవడానికనీ. ఫలానా మనుషులకు అని లేదు. మన ఎండిన నేలలో, మన బండమీద, రెండువేల రెండువందల ఏళ్ళకు పైబడి ఆ మాట ఉంది. నీడా నీళ్ళూ దారీ అందరివీ అన్నది మనకు బయటి దేశం నుంచి వచ్చిన మాట కాదు.

బాబాసాహెబ్ ఆ మాటనే చట్టం చేసినాడు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం తీసి చూడండి. ప్రభుత్వ నిధులతో నడిచే, లేదా ప్రజలకోసం కేటాయించిన బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు కలిసే చోట్లు వాడుకోవడంలో కులం, మతం, పుట్టుక పేరుతో ఏ పౌరుడికీ అడ్డు ఉండకూడదు. పార్కులో చెరువు చుట్టూ ఉన్న కాలిబాట గురించి ఆలోచించండి. చెరువు, దారి, ప్రజలు కలిసే చోటు, మూడూ అందులో ఉన్నాయి. మా అమ్మ గార్గేయపురంలో నడిచింది ఆ అధికరణం మీదే. పట్టాల పిల్లకాయలు దిగింది కూడా ఆ అధికరణం ఉన్న నీళ్ళల్లోకే. నేను ఒకరి హక్కు పండగ చేసుకొని ఇంకొకరి హక్కును అదిలించినాను.

నడవడం పనిలేనివాళ్ళ పనా?

మన ఉద్యమంలో ఒక పెద్దాయన నాతో అన్నాడు: "ఏమప్పా, జనం కూలీ దొరక్క వలసపోతాంటే మీరు పార్కుల చుట్టూ తిరగమని చెప్తారా?" ఆయన మాటలో బరువుంది. నడక ఒక వేడుకై, పొట్ట తగ్గించుకునే పనై, కళ్ళు మూసుకొని "నాకు ప్రశాంతంగా ఉంది" అనుకోవడమైతే ఆయన అన్నది నిజమే.

కానీ మన సంప్రదాయంలో నడక అది కాదు. దాన్ని చంకమం అంటారు. కాలు లేపుతున్నానని తెలిసి లేపడం, దించుతున్నానని తెలిసి దించడం. అంగుత్తర నికాయంలో బుద్ధుడు దాని లాభాలు ఐదు చెప్పినాడు: దూరప్రయాణానికి ఓర్పు వస్తుంది, ప్రయత్నం చేసే శక్తి వస్తుంది, జబ్బులు తగ్గుతాయి, తిన్నది అరుగుతుంది, నడకలో నిలిచిన ఏకాగ్రత ఎక్కువకాలం నిలుస్తుంది. మొదటి రెండూ చూడండి. దూరం పోయే ఓర్పు, ప్రయత్నించే శక్తి. ఉద్యమకారులకు కావలసినవే గదా!

ఎరుకతో నడిచేవాడు తన ఊపిరిని మాత్రమే గమనించి ఆగిపోడు. తనలో లేచే కోపాన్నీ, చీదరనూ కూడా గమనిస్తాడు. నా నోట్లో ఆ మాట లేచేటప్పుడు నేను దాన్ని చూసి ఉంటే అక్కడే ఆగేది. సిద్ధార్థుడు ఇల్లు విడవడానికి కారణంగా బాబాసాహెబ్ చూపించింది ముసలితనమో శవమో కాదు. రోహిణీ నది నీళ్ళకోసం శాక్యులూ కోలియులూ పెట్టుకున్న తగాదా. మావాళ్ళది మాత్రమే న్యాయం అనకుండా, మావాళ్ళ తప్పు కూడా ఉందేమో చూద్దామన్నవాడు సిద్ధార్థుడు. నీళ్ళ గట్టు మీద మనవైపు తప్పును చూడగలగడం దగ్గరే ఆయన దారి మొదలైంది.

తర్వాత

వారం తర్వాత ఆ పార్కుకు మళ్ళీ పోయినాను. గోడ అవతలికి పోయి కూర్చున్నాను. పెద్దోడు నన్ను గుర్తుపట్టి పట్టాల వెనక్కి పోయినాడు. వాళ్ళమ్మతో, "ఆ రోజు అరిచింది నేనే, తప్పయింది" అని చెప్పినాను. ఆమెకు ఏమనాలో తోచలేదు, నాకూ అంతే. కాసేపటికి, "సబ్బు నీళ్ళల్లో కలిపితే చేపలు చస్తాయక్కా. బకెట్‌తో గట్టుకు దూరంగా పోసుకోమను" అన్నాను. "బకెట్ నీళ్ళు యాడ తెచ్చేది సార్?" అనింది. మా ఉపాసకులం నలుగురం కలిసి ఆ పట్టాల దగ్గర కుళాయి కావాలని అర్జీ రాసి ఇచ్చినాము. ఇంకా తిరుగుతూనే ఉన్నాము. అది వచ్చేదాకా తిరగడం కూడా మాకు చంకమమే.

మీరు కూడా ఈ ఆదివారం పోండి. దగ్గర్లో ఏ చెరువుంటే ఆ చెరువు చుట్టూ నడవండి. పిల్లల్ని తీసుకుపోండి, ముఖ్యంగా ముసలివాళ్ళను తీసుకుపోండి. మొదటి చుట్టు మాట్లాడకుండా, అడుగు మీద ఎరుకతో నడవండి. రెండో చుట్టులో చూడండి: నీళ్ళల్లోకి ఏం వస్తోంది, ఎక్కడినుంచి వస్తోంది, ఊడ్చేది ఎవరు, గేటు బయట ఆగిపోయింది ఎవరు. కవరు కనపడితే తీయండి. ఎవరినైనా ఏమైనా అనాల్సి వస్తే, ముందు ఆ మూడు ప్రశ్నలు మిమ్మల్ని మీరు అడగండి.

మా అమ్మ సంగతి చెప్పలేదు. ఆ రోజు నేను బలవంతం చేయలేదు. నేనే దిగి కాళ్ళు కడుక్కొని మెట్టు మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఆమె చెప్పులు విడిచి, నా భుజం పట్టుకొని ఒక్కో మెట్టే దిగింది. వంగి దోసిలి నీళ్ళు తీసుకొని మొహం మీద చల్లుకుంది. "చల్లగుండాయి నాయనా" అనింది. ఇంకేమీ అనలేదు.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.